ఆవలి ఒడ్డు నుంచి ఫోన్

ఎలియాజరుకి కావలసిందల్లా ఒక్క అరగంట. మేడలూ మిద్దెలూ కాదు, నగలూ నట్రా కాదు. రోజుకి ఒక్క అరగంట ఎవరూ తనతో మాట్లాడకుండా ఉంటే చాలు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది గానీ, అనకాపల్లిలో దొరకని సరుకంటే అదొక్కటే. మా ఊళ్ళో మనిషి ఒంటికాయ సొంఠికొమ్ములా కనిపించాడంటే జనానికి కాళ్ళూ చేతులూ ఆడవు. "ఏటి బావా, ఒక్కడివే?" అని ఆపుతారు. ఊరికే అంటే నమ్మరు. ఇంట్లో గొడవా అంటారు. లేదంటే ఉందని తేల్చేసుకుని, సాయంత్రానికి ఓదార్చడానికి ఇద్దరొస్తారు.

ఉద్యోగం చూస్తే కేబుల్ టీవీ ఆఫీసులో కంప్లయింట్లు రాసుకునే సీటు. రెండు వేల ఐదో సంవత్సరం అది. అందరి ఇళ్ళలోనూ టీవీలు, అందరి టీవీల్లోనూ గీతలు. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా చెవికి ఫోను అతుక్కుపోయి ఉండేది. "బొమ్మ రాట్లేదు." "బొమ్మొత్తంది గానీ మాట రాట్లేదు." "మాటొత్తంది గానీ అది పక్క సానెల్ మాట." ఇల్లు చేరితే అక్సా, షెకీనా అని ఇద్దరు ఆడపిల్లలు, ఒక గేదె, అత్తగారు మార్తమ్మ. భార్య సువార్త మాట్లాడేది తక్కువే గానీ, మిగతావాళ్ళు ఆ లోటు వడ్డీతో సహా తీర్చేసేవారు. పైగా మార్తమ్మగారిది మనసులో చేసుకునే ప్రార్థన కాదు. దేవుడికి కాస్త వినికిడి తక్కువన్నట్టు, మూడిళ్ళ అవతలికి వినపడేలా చేసేది.

అలాంటి ఇంట్లోకి ఆ పడవ వచ్చి పడింది. సువార్త తమ్ముడు శాంతికుమార్ విశాఖలో పాత సామాన్ల వేలంపాటల చుట్టూ తిరిగే మనిషి. ఒకరోజు వ్యాను మీద కట్టుకుని వచ్చాడు. నారింజ రంగు ప్లాస్టిక్కు, మనిషికి రెండింతల పొడవు, మధ్యలో ఒక్క కంత, రెండు వైపులా రెక్కలున్న తెడ్డు.

"దీన్ని కయాక్ అంటారు బావా," అన్నాడు గర్వంగా.

"ఏ కాయకు నాయనా? ఆనపకాయకా, బీరకాయకా?" అంది మార్తమ్మ.

ఆ రోజు నుంచి వీధిలో దాని పేరు కాయకు అయిపోయింది. అందరూ రంగు చూశారు, పొడవు చూశారు. ఎలియాజరు మాత్రం ఆ కంత చూశాడు. ఒక్కడే పడతాడు. రెండోవాడు ఎక్కి కబుర్లు చెబుదామన్నా చోటు లేదు. ఎక్కడో ఏ దేశంలోనో తనలాంటి అభాగ్యుడే ఒకడు కూర్చుని, చుట్టాల బాధ పడలేక దీన్ని కనిపెట్టి ఉంటాడని అతనికి గట్టి నమ్మకం కలిగింది.

ఇంటి వెనక పది నిమిషాల నడకలో జమ్ము చెరువు ఉంది. చూడ్డానికి సముద్రంలా కనిపిస్తుంది గానీ నట్టనడుమ దిగినా ఛాతీ లోతు దాటదు. ఆఫీసు అవగానే కాయకుని భుజానికెత్తుకుని వెళ్ళి, దారిలో అడిగినవాళ్ళందరికీ జవాబు చెప్పుకుని, నీళ్ళలోకి తోసుకునేవాడు. వంద తెడ్లు వేసేసరికి ఊరి మాట ఆగిపోయేది. పడవ అడుగున నీళ్ళు బుడుంగుమనే చప్పుడు ఒక్కటే మిగిలేది. మొదటి రోజు అతనికి ఏడుపొచ్చినంత పనయ్యింది. నలభై రెండేళ్ళ వయసులో తన ఊపిరి తను విన్నాడు మరి.

సువార్త వద్దనలేదు. ఒక్క షరతు పెట్టింది. "దీపాలెట్టీ ఏలకి ఇంట్లో ఉండాల. ఒక్క రోజు తేడా వచ్చిందా, ఆ కాయకుని గేదెకి కుడితితొట్టి సేసెత్తాను. కొలత కూడా సరిపోతాది." సువార్త అన్నదంటే చేస్తుంది. అందుకని అతను రోజూ ఒక కన్ను సూర్యుడి మీదే పెట్టుకుని తెడ్డు వేసేవాడు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఆ కన్ను మోసం చేసింది. గాలి అనుకూలంగా ఉందని అలా అలా పోతూ ఎప్పుడూ వెళ్ళనంత దూరం వెళ్ళిపోయాడు. అవతలి గట్టు మీద చెరకు తోటలు, బెల్లం వండే పాక, కమ్మటి పాకం వాసన. దిగి కాసేపు కాళ్ళు చాపుకుందామని ఒక కాలు గట్టు మీద పెట్టాడు. రెండో కాలు కాయకులో ఉండిపోయింది. కాయకు వెనక్కి పోయింది. మనిషి ఏ ఒడ్డుకీ చెందకుండా బొక్కబోర్లా పడ్డాడు.

పాకలోంచి వచ్చి లాగినాయన త్రినాధరావు. ఆ తోటా ఆ పాకా ఆయనవే. మంచి మనిషి. తడిబట్టలు విప్పించి, ఉతికిన తెల్ల పంచె ఇచ్చి, పెద్ద పెనం కింద మండుతున్న పొయ్యి దగ్గర కూర్చోబెట్టాడు. చేతికి ఓ గ్లాసుడు వేడి చెరకురసం ఇచ్చాడు. అంతా బాగానే ఉంది గానీ, అప్పటికే పొద్దు వాలిపోయింది. ఎలియాజరు గుండెల్లో రాయి పడింది. అతని కళ్ళకి గేదె కాయకులో మూతి పెట్టి కుడితి జుర్రుతున్నట్టు కనిపించింది.

"బాబూ, మా ఇంటికోసారి ఫోన్ సెయ్యండి. నేను మాటాడితే మా ఇంటిది నోరెత్తనివ్వదు. మీరైతే పెద్దమనిషిలా సెప్పగలరు. కంగారు పడొద్దని, బాగానే ఉన్నానని సెప్పండి సాలు," అని నంబరు చెప్పాడు.

ఇక్కడ త్రినాధరావు గురించి ఒక సంగతి చెప్పాలి. అనకాపల్లి నుంచి నక్కపల్లి దాకా ఎక్కడ పౌరాణిక నాటకం వేసినా కృష్ణుడి వేషం ఆయనదే. బావిలోంచి వచ్చినట్టుండే నిండు గొంతు. మామూలుగా మాట్లాడితే మనలాగే మాట్లాడతాడు. సెల్లు కొత్తగా కొన్నాడు, అందులో ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మాట్లాడాలంటే మాత్రం ఆయనకి బెరుకు. ఆ బెరుకు పోవడానికి ఆయనకి తెలిసిన మార్గం ఒక్కటే. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, ఎదురుగా తెర లేచిందనుకున్నాడు.

"అమ్మా! భయపడకుము," అన్నాడు.

అవతల ఫోనెత్తింది మార్తమ్మ.

"నీ అల్లుడు ఎలియాజరు ఆవలి ఒడ్డుకు చేరియున్నాడు. తెల్లని వస్త్రము ధరించియున్నాడు. అగ్ని చెంత కూర్చుండి మధురమైన పానీయము సేవించుచున్నాడు. అతనికి ఏ కొరతయు లేదు. కలత చెందవలదు."

మూడిళ్ళ అవతలికి వినపడే ఆ గొంతు సన్నబడి, "తమరెవరు బాబూ?" అంది.

"నేను త్రి..." అన్నాడు త్రినాధరావు. సిగ్నల్ పోయింది.

నాటకం తెలుగుకీ చర్చిలో చదివే తెలుగుకీ అన్నదమ్ముల పోలిక ఉందని త్రినాధరావుకి తెలియదు, ఆయన ఎన్నడూ చర్చిలో కూర్చోలేదు. ఎలియాజరుకి తెలుసు. విన్నప్పుడు ఎక్కడో ఏదో కలుక్కుమంది కూడా. కానీ వేడి రసం గొంతులోకి దిగుతుంటే మనిషికి అంత ఆలోచన ఎక్కడుంటుంది? మరో గ్లాసు తాగాడు. వెన్నెల వచ్చింది. "సీకటి ముదరకముందే ఎలిపో నాయనా, పంచె తరవాతిద్దువుగానిలే," అన్నాడు త్రినాధరావు. అతను తడిబట్టల మూట ఒళ్ళో పెట్టుకుని, తెల్ల పంచెతోనే తెడ్డు వేసుకుంటూ చక్కా వచ్చాడు.

ఇంటి ముందు చెప్పుల రాశి చూసి ఆగిపోయాడు. పాతిక జతలకి తక్కువ ఉండవు. లోపల పెట్రోమాక్సు లైటు, అరువు కుర్చీలు, పాట అయిపోయాక వచ్చే దగ్గులు. చెప్పకేం, ముందు అత్తగారికే ఏదో అయ్యిందనుకున్నాడు. గేదె పక్కనున్న కిటికీ దగ్గరకి వెళ్ళి తొంగి చూస్తే అత్తగారు నిక్షేపంలా ఉంది. ఒళ్ళో పసిబిడ్డని పట్టుకున్నట్టు టెలిఫోన్ పట్టుకుని కూర్చుంది. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"త్రి అన్నారు పాస్టరుగారూ. నేను త్రి అన్నారు. నా సెవుల్తో విన్నాను. త్రియేక దేవుడు కాక మరెవరు? డెబ్బై ఏళ్ళనించి నేను పిలుత్తన్నాను. ఇన్నాళ్ళకి ఆయనే చేసేరు."

"ఆవలి ఒడ్డుకి చేరాడన్నారంటే సందేహం లేదు," అన్నాడు పాస్టరు ఇమ్మాన్యుయేలు. "మన సహోదరుడు పరలోకంలో ఉన్నాడు. తెల్లని వస్త్రమే సాక్ష్యం."

ఎలియాజరు గేదె మెడ పట్టుకున్నాడు.

"మరి అగ్ని ఏటండీ?" అన్నాడు సంఘపెద్ద దేవసహాయం. ఈయనకి ఎలియాజరంటే పాత కోపం, వాళ్ళ టీవీలో గీతలు ఇంకా పోలేదు. "అగ్ని సెంత కూకున్నాడని కూడా సెప్పేరు కదా. పరలోకంలో అగ్ని ఎందుకుంటాది? ఆదివారం ఎనక బెంచీలో కూకుని కునికేవోడు. నేను సూసేను."

"పానీయం ఇచ్చేరు కదా! నరకంలో పానీయం ఇత్తారేటి?" అని మార్తమ్మ గయ్యిమంది.

సభ రెండుగా చీలిపోయింది. వస్త్రం వాళ్ళు ఒక పక్క, అగ్ని వాళ్ళు ఒక పక్క. పానీయం దగ్గర కొందరు అటూ ఇటూ మారారు. అప్పుడు పక్కింటి ఇన్నాసమ్మ గొంతు సవరించుకుంది. ఆవిడ క్యాథలిక్కు, గుమ్మం దగ్గర కూర్చుని అంతా వింటోంది.

"మంటా ఉంది, మంచీ ఉంది అంటే అది ఉత్తరించు స్థలం. కొన్నాళ్ళు కాలి, శుద్ధయ్యి, పైకెల్తారు. మీలో లేదు గానీ మాలో ఉంది. మీవోడు మా దాంట్లోకి వచ్చేడు."

"మావోడు మీ దాంట్లోకి ఎందుకొత్తాడు? సభ్యత్వం ఇక్కడ ఉంటేని!" అన్నాడు దేవసహాయం.

"పోనీ పాపం, సోటిచ్చేరు కదా! మీరు ఇవ్వలేదు, మావోళ్ళు ఇచ్చేరు," అంది ఇన్నాసమ్మ.

దేవసహాయం టార్చి పట్టుకుని చెరువు దాకా వెళ్ళొచ్చాడట. మనిషీ లేడు, కాయకూ లేదు. కాబట్టి పడవతో సహా పరలోకానికి ఎత్తబడ్డాడని కొందరు, ప్లాస్టిక్కుని అక్కడ రానివ్వరని కొందరు. చచ్చినవాడు తన గురించి నలుగురూ అనుకునేది వినగలిగితే అదృష్టమంటారు. ఏమి అదృష్టం! ఇరవై ఏళ్ళు ఒకే చర్చికి వెళ్తే, ఒక్కరూ అతన్ని ఒక్క చోట నిలకడగా ఉండనివ్వడం లేదు.

సువార్త గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చింది పాపం. కానీ చేతులు ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు చాపుకుని, ఎటో చూస్తూ ఉంది. అలా కూర్చోవడం అతను ఎప్పుడూ చూడలేదు. మొగుడు పోయినదానిలా లేదే అని ఎలియాజరుకి కాస్త రోషం కూడా వచ్చింది. ఆ రోషంలో గేదె మెడ గట్టిగా నొక్కాడు. అది అంబా అని అరిచింది. అందరూ అటు తిరిగారు.

ఇక తప్పదని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. తెల్ల పంచె, జుట్టు చెదిరి, మోచేతులకి బురద.

మార్తమ్మ కుర్చీ దిగి మోకాళ్ళ మీద పడింది. "వస్త్రం! అదిగో వస్త్రం!"

సువార్త మాత్రం ముందు అతని కాళ్ళు చూసింది, తర్వాత మొహం చూసింది. లేచి వచ్చి, బతికే ఉన్నాడా అన్నట్టు చేయి పట్టుకుని నొక్కింది. అప్పుడు అడిగింది. "ఎక్కడికెళ్ళేరు?"

అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు ఎలియాజరు. నిజం చెబితే కాయకు రేపటికి కుడితితొట్టి. అరగంట పోతుంది. అత్తగారి సంగతి సరేసరి. డెబ్బై ఏళ్ళకి వచ్చిన ఒక్క ఫోనూ బెల్లం వండే ఆయనదని ఎలా చెప్పడం?

"ఆవలి ఒడ్డుకెళ్ళేను," అన్నాడు. అబద్ధం కాదు.

"మరి?" అన్నాడు పాస్టరు.

"ఎలిపొమ్మన్నారు. వచ్చేసేను." అదీ అబద్ధం కాదు.

ఇల్లంతా స్తోత్రాలతో దద్దరిల్లిపోయింది. కాయకుని తొట్టి చేయడం మహాపాపమని పాస్టరుగారే తీర్పు చెప్పారు. ఎలియాజరు కుక్కిన పేనులా పడుకుని, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు లోలోపల నవ్వుకున్నాడు. అరగంట దక్కింది.

పొద్దున్న సువార్త పంచె ఉతకబోతూ వాసన చూసింది. "పరలోకంలో బెల్లం వండుతారేటి?" అంది. అతను చొక్కా తొడుక్కునే నెపంతో లోపలికి పోయాడు. ఆమె పంచె పిండి ఆరేసింది.

సాయంత్రం కాయకు ఎత్తుకుని చెరువుకి వెళ్ళేసరికి గట్టు మీద తీర్థమే జరుగుతోంది. నాలుగు సంఘాల వాళ్ళు, వాళ్ళ చుట్టాలు, వేరుశనగలు అమ్మేవాడు. అందరి చేతుల్లోనూ మడిచిన కాగితాలు. ప్రార్థన చీటీలు. ఆదివారం చర్చిలో పెట్టెలో వేసేవే, పోస్టు దగ్గరదారిలో పోతుందని ఇక్కడికి తెచ్చారు.

"అటెల్తన్నావు కదా బావా, ఇది ఇచ్చెయ్యి," అని మొదలుపెట్టారు. మార్తమ్మ బిస్కెట్ల డబ్బా పట్టుకుని వసూలు చేస్తోంది. కూరగాయలమ్మే పైడితల్లి కూడా ఒక చీటీ వేసింది. "నువ్వు మీవోళ్ళ దేవుడికి కదా మొక్కుతావు?" అని ఎవరో అంటే, "ఏ దేవుడైతేనేటి, ఒడ్డు ఒకటే కదా," అంది. డబ్బా నిండింది. ఎలియాజరు తల ప్రాణం తోకకొచ్చింది. ఎవరి నుంచి పారిపోవడానికి నీళ్ళలో దిగాడో వాళ్ళందరినీ డబ్బాలో పెట్టుకుని తెడ్డు వేశాడు.

వంద తెడ్లు వేశాడు. నూట యాభై వేశాడు. గట్టు మీద పాట అందుకున్నారు, నీళ్ళ మీద పాట ఇంకా బాగా వినిపిస్తుంది. మధ్యమధ్యలో "మోకాళ్ళ నొప్పి సంగతి మర్సిపోకు!" అని కేకలు. బుడుంగుమనే చప్పుడు వినడానికి చెవి ఒగ్గితే దేవసహాయం గొంతు వినిపించింది. అతనికి ఒళ్ళు మండిపోయింది. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని డబ్బా మూత తీశాడు.

ఒక చీటీలో మోకాళ్ళు. ఒక చీటీలో పదో తరగతి లెక్కలు. ఒక చీటీలో కోడలు. "మా ఇంట్లో టీవీకి మూడు నెలల నుంచి గీతలు పోవడం లేదు, ఆఫీసులో చెబితే పట్టించుకోవడం లేదు, అక్కడైనా చెప్పగలరు," అని ఇంకొకటి, సంతకం దేవసహాయం. అతను ఒక్కడే నవ్వుకున్నాడు. తర్వాతది కేబుల్ రసీదు వెనక పెన్సిలుతో రాసింది. గుండ్రటి అక్షరాలు. గేదె పాలలెక్క క్యాలెండరు మీద రోజూ చూసే అక్షరాలే.

"మీరు పోయారనుకున్న గంటసేపు నన్నెవరూ ఏ పనికీ పిలవలేదు. మీరు పోకుండానే అలాంటిది ఒక అరగంట కావాలి. తర్వాత పని అంతా నేనే చేసుకుంటాను."

కింద పేరు లేదు. పైన దేవుడి పేరూ లేదు.

ఎలియాజరు ఆ చీటీ మూడుసార్లు చదివాడు. రోజూ ఆ ఇంట్లో సువార్తా అని ఎన్ని కేకలు! తువ్వాలేదీ సువార్తా. అమ్మా జడ. సువార్తా గేదె. సువార్తా నా కళ్ళద్దాలు. అందులో సగం తన గొంతే. తనకి రోజంతా ఎవరెవరో ఫోన్ చేస్తారు, నాలుగింటికి పెట్టేసి వచ్చేస్తాడు. ఆమెకి నాలుగు గంటలన్నది ఎప్పుడూ కొట్టలేదు. మొగుడు చస్తే తప్ప ఒక గంట కాళ్ళు చాపుకోలేకపోయింది. అతనికి సిగ్గేసింది. నిజంగా, చెవులు వేడెక్కేంత సిగ్గేసింది.

కాయకుని వెనక్కి తిప్పాడు.

"ఏటది, తిరిగొచ్చేత్తన్నాడేటి?" అని గట్టు గోలెత్తిపోయింది. "చీటీలు ఇచ్చేవా? ఏటన్నారు?" ఎలియాజరు దిగి కాయకుని గట్టుకి లాగాడు. డబ్బా పాస్టరుగారి చేతిలో పెట్టి, జనంలో వెనక నిలబడ్డ సువార్త దగ్గరకి వెళ్ళి తెడ్డు ఇచ్చాడు.

"ఎక్కు."

"నాకు రాదు," అంది ఆమె.

"నాకు మాత్రం వచ్చేటి? బోల్తా కొడితే లేచి నిలబడు, అంతే."

"అందరూ సూత్తన్నారండీ."

"వంద తెడ్లు ఎయ్యి. తర్వాత ఎవరూ కనపడరు."

సువార్త ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. కొంగు బిగించి నడుముకి దోపుకుంది. కంతలో కూర్చుంటే కాయకు అటూ ఇటూ ఊగింది, గట్టంతా అయ్యో అయ్యో అంది. మొదటి నాలుగు తెడ్లూ గుండ్రంగా తిరిగింది. అయిదోది తిన్నగా పడింది. దీపాలెట్టీ ఏలకి వచ్చెయ్యి అనబోయి ఎలియాజరు నోరు మూసుకున్నాడు.

"సువార్త దేనికి ఎల్తందీ? దానికెవరు ఫోన్ సేసేరు?" అని జనం అతన్ని చుట్టుముట్టారు. ఆడమనిషి ఒక్కత్తీ ఏటి అన్నారు. ఇంట్లో గొడవా అన్నారు. ఎలియాజరు జవాబులు చెబుతూనే ఉన్నాడు, ఒక్కొక్కరికీ, ఓపిగ్గా, కంప్లయింట్లు రాసుకున్నట్టే. నారింజ రంగు చిన్నదయ్యి, ఎండ పడ్డ నీళ్ళలో కలిసిపోయింది.

అంతలో ఇంటి వైపు నుంచి గేదె అరిచింది. మార్తమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని చెరువు వైపు తిరిగి, డెబ్బై ఏళ్ళు ప్రార్థనలో కాచిన గొంతుతో, "సువార్తా!" అని కేకేసింది.

"ఆఁ, వత్తన్నాను," అన్నాడు ఎలియాజరు.